ముత్యం రెండేళ్ల సెలవు

సార్ల మూటలు మోయడానికి ముత్యం ఆఫ్రికా వెళ్లాడని దోహా లేబర్ క్యాంపులో చెప్పుకున్నారు. కొండ సగంలో కూలబడితే సార్లే మోసుకుని దించారని కూడా కలిపారు. ఆ మాట మా జగిత్యాల దాకా పాకింది. నేను రామకృష్ణారావు సారు ఇంట్లో పని చేస్తాను. ముత్యం మా పక్క ఊరివాడు, వరసకు నాకు కాక, అంటే చిన్నాన్న. నేను చూసింది, అమర్ సారూ కాకా చెప్పగా విన్నది రాస్తున్నాను.

కాక దోహా పక్కన లుసైల్‌లో పరంజా కట్టేవాడు. అక్కడ జరిగే ఫుట్‌బాల్ వరల్డ్ కప్పుకు ఇంకా మూడేళ్లుంది. రామకృష్ణారావు, అమర్ అదే కంపెనీలో ఇంజనీర్లు. మరో ముగ్గురితో కలిసి ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ ఎక్కాలనుకున్నారు. దోహాలో ఎక్కి చూద్దామంటే గుట్ట లేదు. అందుకని శుక్రవారం పొద్దున్నే, కడుతున్న ముప్పై అంతస్తుల భవనం మెట్లు ఎక్కేవారు. తాళం తీసి, నీళ్ల సీసాలు పైకి చేర్చడం ముత్యం కాక డ్యూటీ. వాళ్లు చేరేసరికి అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాడు.

"రొప్పకుండా ఎలా ఎక్కుతావయ్యా?" అని అమర్ అడిగాడు.

"తొందరపడితే పరంజ మీద ఒక్కరోజు గూడ నిలువం సార్. ఒక మెట్టుకు ఒక ఊపిరి."

ఐదుగురిలో ఒకాయనకు మోకాలు బెణికింది. అతని చోటు ఖాళీ అయింది. అమర్ కాకను రమ్మన్నాడు. ఆ సాయంత్రం దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో రామకృష్ణారావు సారు ఇంట్లో అందరూ కూర్చున్నారు. నేను టీ ఇస్తున్నాను.

"మంచిదే. మన సామాన్లకి మనిషి దొరికాడు," అన్నాడు సారు.

కాక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "సామాన్లు మోసేటోళ్లు ఆడనే ఉంటరట గద సార్. నేను ఎక్కనీకి వస్తున్న."

"ఎక్కి ఏం చేస్తావు?"

"మీరేం జేస్తరు సార్?"

అమర్ టీ కప్పులోకి చూసి నవ్వుకున్నాడు.

కంపెనీ రెండేళ్లకోసారి సెలవిస్తుంది. సెలవు ఫారం మీద వెళ్లే చోటు ముందే అచ్చు వేసి ఉంటుంది, హైదరాబాద్ అని. మావాళ్లు దాన్ని చదవకుండానే సంతకం పెడతారు. కాక ఆ మాట మీద గీత గీసి కిలిమంజారో అని రాశాడు.

"ఛుట్టీ అంటే ఇల్లు. వేరే జాగా మాఫీ," అన్నాడు గుమస్తా. మాఫీ అంటే అరబ్బీలో లేదని. ఫారం వెనక్కి తోశాడు. కాక ఇంకొకటి తీసుకుని మళ్లీ అలాగే రాశాడు. మూడో ఫారం మీద ముద్ర పడింది.

కాక భార్య మాలతి చిన్నమ్మ ఫోన్‌లో తిట్టింది. స్పీకర్ పెట్టి ఉంది, నేనూ విన్నాను. "అందరి మొగుళ్లు దుబాయ్ నుంచి ఇంటికొస్తరు. నీకు గుట్టలు గావాల్నా?" మా ఊళ్లలో దోహాని కూడా దుబాయ్ అనే అంటారు.

"పదకొండేండ్ల సంది మందికోసమే ఎక్కుతున్న. ఒక్కపారి నాకోసం ఎక్కుత."

ఫోన్ పెట్టేసే ముందు ఆమె, "మంచి స్వెట్టర్ కొనుక్కో," అంది.

కొండ మీద నాలుగు రోజులూ కాక అమర్‌తో సమానంగా నడిచాడట. తన సంచి తనే మోసుకున్నాడట. చివరి మజిలీలో రామకృష్ణారావు సారుకు తలపోటు, వాంతులు పట్టుకున్నాయి. దిగిపోవాల్సిందేనని గైడ్ చెప్పాడు.

"ముత్యం, నువ్వు నాతో దిగు," అన్నాడు సారు.

కాక బూట్ల తాళ్లు కట్టుకుంటూనే ఉన్నాడు. "గైడ్ వస్తడు సార్. కిందికి పోతె తగ్గుతదట. నేను పైకి పోత."

"మళ్లీ నా సైట్‌లోనే పని చేయాలి నువ్వు. గుర్తుందా?"

"ఎట్ల మరుస్త సార్? ఇయ్యాల మటుకు నేను సెలవుల ఉన్న."

సారును ఒక గైడ్ జాగ్రత్తగా దించాడు. మధ్యాహ్నానికి ఆయన లేచి సూప్ తాగాడు. మిగతా ఇద్దరు సార్లూ కొనకు ముందే వెనుదిరిగారట.

తిరిగొచ్చిన వారానికే కాకను సారు సైటు నుంచి తీసి, ఊరికి ఆ చివరనున్న అల్ తుమామా సైటుకు మార్చారు. సారు ఇంట్లో ఆ కొండ మాట ఎత్తరు. కొత్త క్యాంపులో సురేందర్ అనే అతను, "ఏమన్నా, మూటకెంత ఇచ్చిండ్రు?" అని అందరి ముందు అడిగాడు. కాక అన్నం కలుపుకుంటూ, "నువ్వు పోయి అడుగు," అన్నాడు.

ఆ కొండకు ఐదుగురు వెళ్లారు. కొన దాకా చేరింది ఇద్దరే, అమర్, ముత్యం.