తొందరపడి నింపిన నీళ్ళు

నార్త్ డకోటాలో ఏప్రిల్ వచ్చినా చలి పూర్తిగా వదలదు. వర్నా హాల్వర్సన్‌కి మాత్రం ఫిబ్రవరి నుంచే ఒకచోట కుదురు లేదు. ఇరవై ఏడేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక, లోపలే వంటా పడకా కుదిరే ఒక పాత మోటర్‌హోమ్ బండి కొనుక్కుంది. ఏటా మే ఒకటికల్లా సరస్సు ఒడ్డున పార్కుకి చేరి, గుడారాలు వేసుకోవడానికి వచ్చేవాళ్ళ మంచిచెడ్డలు చూస్తూ వేసవంతా ఆ బండిలోనే గడిపేది. ఈసారి జనవరిలో కుడి మోకాలు మార్పించుకుంది. మే పదో తేదీ దాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. ఆ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. పార్కువాళ్ళకి ఎప్పటిలాగే మే ఒకటికి వస్తానని చెప్పేసింది.

ఏప్రిల్ రెండోవారంలో పక్క పొలం డెల్మర్ షెడ్డు ముందు నిలబడింది. ఆమె బండి చలికాలమంతా ఉండేది అక్కడే.

"అప్పుడే వచ్చేశావేంటమ్మా? పొలంలో బురదైనా ఆరలేదు," అన్నాడు డెల్మర్.

"నీ బురదతో నాకేం పని? తలుపు తియ్యి ముందు."

బండి మీద కప్పిన పట్టా లాగేశారు. బ్యాటరీ బిగించారు, టైర్లలో గాలి కొట్టారు. సొరుగులో ఆమె తువ్వాళ్ళు కొరికి ఎలుకలు గూడు కట్టుకున్నాయి. వర్నా చీపురుతో ఒక్క ఊడ్పు ఊడ్చేసి, "పదండి, మీ అద్దె గడువు అయిపోయింది," అంది.

"ఇంటిదాకా నువ్వే నడుపు. నా చేతిలో కాఫీ ఉంది," అంది డెల్మర్‌తో. అతను ఆమె మోకాలి వంక ఒకసారి చూసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బండిని ఆమె పెరట్లో నిలిపాక, "ట్యాంకులో నీళ్ళు ఇప్పుడే నింపకు. ఇంకా గడ్డకట్టే రోజులున్నాయి," అని చెప్పి వెళ్ళాడు.

మర్నాడే నింపేసింది. పైపులు పగలకుండా శరదృతువులో పోసిన గులాబీరంగు మందు కొళాయిల్లోంచి పోతుంటే, దగ్గరే నిలబడి చూసింది. రంగు పలచబడి, తేటనీళ్ళు వచ్చేసరికి సరస్సుకి సగం దారి వెళ్ళిపోయినట్టే అనిపించింది. ఆ నీళ్ళు మళ్ళీ తీసెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

మూడోనాడు తెల్లవారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. పది గంటలకి ఎండ కాసింది. బండి తలుపు సందులోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారడం మొదలైంది. వర్నా లోపలికి వెళ్ళి, పంపు ఆపి, సింకు కింద నేలమీద పడుకుని చూసింది. రాత్రి నీళ్ళు గడ్డకట్టి, పైపు మలుపు దగ్గర నిలువునా చీలిపోయింది. సరే, లేద్దామంటే మోకాలు సహకరించలేదు. తడిసిన చాపమీద ఇటు దొర్లి, అటు దొర్లి, చివరికి అలాగే ఉండిపోయింది.

అరగంటకి కూతురు కార్లా, మాంసం, బంగాళదుంపలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ గిన్నె పట్టుకుని వచ్చింది.

"అమ్మా! ఏం చేస్తున్నావక్కడ?"

"ఈదుతున్నా. కనపడట్లా?"

కార్లా గిన్నె పక్కన పెట్టి, చంకల కింద చేతులేసి లేపింది. పొడిబట్టలు ఇచ్చి, కూర్చోబెట్టి అడిగింది: "డాక్టర్ ఎప్పటిదాకా ఆగమన్నాడు? నిజం చెప్పు."

వర్నా కిటికీలోంచి బయటికి చూస్తూ, "పదో తారీకు," అంది.

"మరి ఒకటో తారీకుకల్లా వస్తానని పార్కువాళ్ళకి ఎలా చెప్పావ్? బ్రేక్ వెయ్యాల్సొచ్చి కాలు కదలకపోతే? నువ్వొక్కదానివే కాదు, రోడ్డు మీద వేరేవాళ్ళూ ఉంటారు. ఇరవై ఏడేళ్ళు పిల్లల్ని ఎక్కించుకున్నదానివి, నీకు నేను చెప్పాలా?"

ఆ మాట గట్టిగా తగిలింది. "ఆ ఇంట్లో కూర్చుంటే నాకు ఊపిరాడదే," అంది వర్నా. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం కార్లా ఎప్పుడూ వినలేదు.

"ఇంట్లో ఉండమని ఎవరన్నారు? ఈ బండిలోనే ఉండు. ఇక్కడే, పెరట్లో."

అలాగే చేసింది. పార్కుకి ఫోన్ చేసి మే పదకొండు అని చెప్పింది. ట్యాంకు ఖాళీ చేసి, చీలిన పైపు ముక్క కోసి, కొత్తది తనే బిగించింది. ఈసారి స్టూలు మీద కూర్చుని. హీటరు వేసుకుని అందులోనే పడుకుంది. పొద్దున్నే పెరట్లో పది చుట్లు, సాయంత్రం పది. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంజన్ వెయ్యకుండానే, బ్రేక్ తొక్కి వదిలేది. మొదటి రోజుల్లో పదిసార్లకే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. మే మొదటివారానికి వంద దాటింది. పార్కుకి చేరి ఉండాల్సిన ఒకటో తారీకున మాత్రం ఉన్న గిన్నెలన్నీ రెండుసార్లు తోమింది.

పదో తేదీన డాక్టర్ మోకాలు వంచి, చాపి చూసి, నడపొచ్చన్నాడు. మర్నాడు ఏడింటికల్లా, కాఫీ అయినా తాగకుండా, బండి రోడ్డెక్కించింది. డెల్మర్ పొలంలోంచి చేతులూపుతూ పరిగెత్తుకొచ్చాడు.

"మెట్టు! మెట్టు మడవలేదు!"

వర్నా వెంటనే బ్రేక్ వేసింది. కుడికాలు చెప్పిన మాట విని బండిని నిలబెట్టింది. డెల్మర్ బండి తలుపు కింద బయటికి చాచి ఉన్న మెట్టు లోపలికి తోసి, బండి పక్కన ఒక చరుపు చరిచాడు.

"నిదానంగా వెళ్ళమ్మా!"

"ఇప్పటిదాకా నిదానంగానే ఉన్నాగా," అని ఆమె గేరు వేసింది.