తారీఖు లేని ప్రమాదం

రాణిగంజ్ వెనక సందులో ఒక బాయిలర్ల కార్ఖానా ఉండేది. జకర్యా అందులో పంతొమ్మిదేళ్ళు బాయిలర్ లోపల కూర్చున్నాడు. ఆయన ఉద్యోగమే అది. బాయిలర్ రేకులను కలిపి బిగించే, ఎర్రగా కాలిన రివెట్‌ను లోపలి నుంచి రంధ్రంలోకి దూర్చి, దాని తలకు ఇనుప దిమ్మ ఆనించి, ఒంటి బలమంతా పెట్టి పట్టుకోవాలి. బయట ఇద్దరు సమ్మెటలతో రెండో కొసను కొట్టి చదును చేస్తారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే దెబ్బలు. చర్చి గంట లోపల తల పెట్టి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ మోతలో నోటి మాట పనికిరాదు. అందుకని కార్ఖానా వాళ్ళు పెదవులు చూసి మాట పట్టేవారు, చేతులతో మాట్లాడుకునేవారు. పిడికిలి గుండెకు ఆనిస్తే ఆగమని. రెండు వేళ్ళు తిప్పితే రివెట్ చల్లారిందని. గడ్డం నిమిరితే యజమాని సేఠ్ వస్తున్నాడని. పెళ్ళి కబుర్లు, అల్లుళ్ళ మీద చాడీలు, బూతు జోకులు అన్నీ వేళ్ళ మీదే నడిచేవి. వినపడే వాడికీ వినపడని వాడికీ అక్కడ తేడా లేదు. కాబట్టి జకర్యా చెవులు ఏ సంవత్సరం పోయాయో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

మొదట తెలిసింది భార్య రోసమ్మకు. నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య జరిగిన సెప్టెంబరు అది. కార్ఖానా మూసేశారు. తిరుమలగిరిలో తమ ఇంటి ముందు జకర్యా వీధికి వీపు పెట్టి మంచం నులక బిగిస్తున్నాడు. విమానాలు ఇళ్ళ కప్పుల మీదుగా పోయాయి. వాడకట్టంతా పరుగెత్తి లోపల దాక్కుంది. రోసమ్మ గొంతు పోయేలా పిలిచింది. ఆయన తల తిప్పలేదు. తన చేతుల మీద నీడ పడ్డాక తలెత్తి ఆకాశం చూశాడు.

"అబ్బో, ఎంత పెద్దగుందే!" అన్నాడు.

తెలిస్తే పని పోతుందని రోసమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చిలో మాత్రం ఆయన్ని దాచలేకపోయింది. కీర్తన అందరూ ముగించాక కూడా ఆయన ఒక్కడే ఇంకో చరణం గట్టిగా పాడేవాడు. ఆవిడ మోచేత్తో పొడిచేది. "దేవునికి జెర ఎక్కువ వినిపిస్తె తప్పేందే?" అని నవ్వేవాడు, ఆ మాట కూడా అరుస్తూనే.

యాభై ఒకటిలో కొత్త మేనేజరు వచ్చాడు. ఒకరోజు వెనక నుంచి పిలిస్తే జకర్యా పలకలేదు. "చెవిటోడు మనకెందుకు?" అని ఆ పూటే బయటికి పంపించాడు. అప్పట్లో నేను కార్మికుల యూనియన్‌లో ఉన్నాను. యూనియన్ తరఫున మేము నష్టపరిహారానికి అర్జీ పెట్టాము. ఆ పరిహారం రాకపోతే రోసమ్మ సంపాదన మీదే ఇల్లు నడవాలి. ఆవిడ దొరల బంగళాల్లో బట్టలు ఇస్త్రీ చేసేది.

విచారణ రోజు లేబరు ఆఫీసు వరండాలో మాకంటే ముందు తుకారాం ఉన్నాడు. రంపం మిల్లులో రెండు వేళ్ళు పోయాయి. లోపలికి వెళ్ళి చెయ్యి బల్ల మీద పెట్టాడు, అధికారి పుస్తకం తిరగేశాడు, ఐదు నిమిషాల్లో పనైపోయింది. ఏ అవయవం పోతే ఎంత పరిహారమో రాసిన ఆ పుస్తకంలో వేళ్ళు, కళ్ళు, కాళ్ళు వరుసగా ఉన్నాయి. చెవులు కూడా ఉన్నాయి. కానీ పోయిన చెవిని బల్ల మీద పెట్టి చూపించడం ఎలా?

అధికారి మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, దట్టమైన మీసాల మనిషి. జకర్యా బల్ల ముందు నిలబడ్డాడు. సాక్ష్యానికి వచ్చిన ఐదుగురు పనివాళ్ళు అధికారి కుర్చీకి పక్కగా గోడ వెంట నిలుచున్నారు. సమ్మెట కొట్టే పర్వతాలు అనే ఆయన వాళ్ళలో పెద్దవాడు. రోసమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నీ పేరేమిటయ్యా?"

"జకర్యా, సాబ్!" ఆ అరుపుకు అధికారి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఎన్నేళ్ళు పని చేశావు?"

"పంతొమ్మిది!"

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు ఆడపిల్లలు. పెళ్ళిళ్ళయినయ్!"

సేఠ్ తరఫు వకీలు చిన్నగా నవ్వాడు. "అన్నీ వినపడుతున్నాయి కదండీ. ఇక చెవుడెక్కడ?"

చెవిటివాడని పని తీసేసినవాళ్ళే, డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి చెవుడు లేదంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ నేనూ తెల్లబోయాను. ఇన్ని జవాబులు ఈయన ఎలా చెబుతున్నాడు? అధికారి ఫైలు మూయబోయాడు.

అప్పుడు రోసమ్మ లోపలికి వచ్చేసింది. "సాబ్, మా ఆయన్ని గాదు, ఆ గోడకాడోళ్ళ చేతులు చూడుండ్రి!"

అందరం అటు తిరిగాము. పర్వతాలు వేళ్ళు ఇంకా గాలిలోనే ఉన్నాయి. పొరపాటు చేసిన పిల్లవాడిలా చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"దొంగతనం గాదు, సాబ్," అన్నాడు. "అలవాటు. అన్న ఎదురుంగుంటె మా చేతులు ఆగయి."

అప్పుడు అర్థమైంది. అధికారి మీసాల కింద పెదవులు సరిగా కనపడవు. ఒకడికి దొరకని మాట పక్కవాడికి దొరికేది. ఒకడు 'పిల్లలు' పట్టుకుంటే ఇంకొకడు 'ఎంతమంది' పట్టుకున్నాడు. ఐదు జతల కళ్ళు ముక్కముక్కగా ఏరిన ప్రశ్నను వేళ్ళ మీద కూర్చి, రెప్పపాటులో జకర్యాకు అందించాయి. మా కళ్ళ ముందే జరిగింది, మేమెవరమూ చూడలేదు.

అధికారి ఆ ఐదుగురినీ ఒక్కొక్కరిగా చూశాడు. తర్వాత ఫైలు ఎత్తి ముఖానికి పూర్తిగా అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనక నుంచి మామూలు గొంతుతో అన్నాడు:

"నా మాట వినపడుతున్న పనివాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. జకర్యా ఎత్తలేదు. పర్వతాలు ఎత్తలేదు. గోడ వెంట ఐదుగురూ ఆ ఫైలు అట్ట వైపు వినయంగా చూస్తూ, అది ఎప్పుడు దిగుతుందా, పెదవులు ఎప్పుడు కనపడతాయా అని ఎదురు చూస్తున్నారు.

కాసేపటికి గదిలో ఒక్క చెయ్యి లేచింది. అది రోసమ్మది.

ఒక్కరి చెవుడుకు సాక్ష్యం చెప్పడానికి ఐదుగురు చెవిటివాళ్ళు వచ్చారు. తనకు కాస్త మందం, అన్నకే పూర్తిగా పోయింది పాపం అని ప్రతివాడూ అనుకుంటున్నాడు.

వకీలు తేరుకున్నాడు. "అయితే వీళ్ళెవరూ పనికి తగరన్నమాట!"

"తీసేయమనండి," అన్నాడు అధికారి. "రేపటి నుంచి మీ బాయిలర్లు ఎవరు చేస్తారో మేనేజర్ను కనుక్కుని రండి."

అధికారి ఫారం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒక గడి దగ్గర కలం ఆగింది. ఈసారి తనే పర్వతాలు వైపు తిరిగి, నిదానంగా, పెదవులు కనపడేలా మీసం పక్కకు నెట్టి అడిగాడు.

"ప్రమాదం జరిగిన తారీఖు?"

పర్వతాలు చేతులు కదిలాయి. జకర్యా ఆలోచించాడు. ఆయన జన్మలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడేమో, ఆ మాట వినడానికి మేమంతా ముందుకు వంగాము.

"రోజూ, సాబ్."

అధికారి ఆ గడిలో జకర్యా పనిలో చేరిన తారీఖు రాశాడు. పక్కన ఒక గీత గీసి, పని తీసేసిన తారీఖు రాశాడు. చోటు చాలక అంకెలు గడి దాటి బయటికి వచ్చాయి. రెండు చెవులకూ పుస్తకంలో ఉన్నదంతా ఇవ్వాలని కింద సంతకం పెట్టాడు.

లేచేలోపు పర్వతాలు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వెనక మిగిలిన నలుగురూ వరుస కట్టారు. పర్వతాలు అయిదు వేళ్ళూ చాచి ఫారాల కట్ట వైపు చూపించాడు. ఆ సైగ అధికారికి ఎవరూ తర్జుమా చెయ్యాల్సిన పని పడలేదు.