ఊదకు కలుపు తీసిన ఏడు

వరి మడిలో ఊదగడ్డిని ఏరి పారెయ్యడం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వచ్చిన పని. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒక్కలాగే కనబడతాయి. ఆకు కాడను అంటుకునే చోట వేలితో విప్పి చూస్తే వరికి సన్నటి తెల్లపొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఆ పొర లేనిదాన్ని పీకాలి, అంతే.

ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు రెండో ఏడు ఆ పని తలకిందులు చేశాను. ఉదయగిరి కొండ కింద మా ఊళ్ళో విత్తనాలకు దాచిన వడ్లు కూడా దంచుకు తినేశాం. ఇంటాయన కరువుపనిలో కాలవ తవ్వకానికి సముద్రం వైపు వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది నేనూ, నా చంటిబిడ్డా, మా మామా. నాకు పాలు ఎండిపోయాయి. ఆత్మకూరులో గంజి పోస్తున్నారు, పోదామన్నాడు మామ. అక్కడ పిల్లలు వాంతులు, విరేచనాలతో రాలిపోతున్నారని విన్నాను. చచ్చినా రానన్నాను.

ఆలస్యంగానైనా ఒక వాన పడింది. ఆ కాస్త తడికి వరి పండదు గాని ఊద పండుతుంది, దాని గింజా గంజికి పనికొస్తుంది. ఎండిన చెరువులోనూ, చీమల పుట్టల చుట్టూనూ ఊడ్చి తెచ్చిన ఊదగింజలు మడిలో చల్లాను. మొలిచాక ఒక్కో కాడా విప్పి చూసి, ఊద కానిదల్లా పీకేశాను. దారినపోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. ఒళ్ళు మండింది గాని చెయ్యి ఆపలేదు.

గింజ పాలు పోసుకునేవేళ ఒకనాడు మడికి వెళ్ళేసరికి, మామ గట్టువైపు నుంచి ఊద పీకుతూ వస్తున్నాడు. ఆయన చేతులకు అదే అలవాటు, పైగా పరువు.

"ఏందమ్మీ ఇది? నా మడిలో కలుపు పండిస్తే ఊరు నవ్వదా?"

అంతకుముందు ఆయన ఎదుట తలెత్తి మాట్లాడి ఎరగను. వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను.

"నవ్వనీ మామా. నా బిడ్డకు ఇదే కూడు. ఇంకొక్కటి పీకినావంటే నీకూ నాకూ చెల్లు."

చేతిలోది పారేసి వెళ్ళిపోయాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను.

ఊద పూర్తిగా పండేదాకా ఆగితే గింజ నేలపాలవుతుంది. అందుకే కాస్త పచ్చిగా ఉండగానే వెన్నులు చేటలోకి వంచి దులిపాను. ఎండబెట్టి, దంచి, గంజి కాచి ముందు బిడ్డకు పోశాను. తాగి, ఇంకా కావాలని గుక్కపట్టి ఏడ్చింది. ఎన్నాళ్ళకో ఆ గొంతు అంత గట్టిగా విన్నాను. నాకు సంతోషం ఆగలేదు.

మామకూ ఒక ముంత పెట్టాను. అటు తిరిగి కూర్చుని తాగాడు. ముంత కింద పెట్టి, నా మొహం చూడకుండానే అడిగాడు.

"విత్తనానికి తీసినావా?"

"నీకు పొయ్యకముందే తీసినాను" అన్నాను.