రిబ్బను కట్టిన గుండె యంత్రం

అరసవల్లి సూర్యనారాయణ స్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా నోట నిజం రావడమంటే పడమట పొద్దు పొడవడమేనని మీకందరికీ తెలుసు గనుకే ఒట్టు పెట్టుకోవలసి వచ్చింది.

మొన్న బీపీ మాత్రల కోసం మా ఊరి ఆసుపత్రికి వెళ్తే, ఏదో సేవా సంఘం వాళ్లట, ఆడామగా నలుగురు ఈసీజీ యంత్రం ఉన్న అట్టపెట్టెను వెనక తలుపు గుండా మోసుకొచ్చి, నర్సమ్మకు అప్పగించి, పనిచేస్తోందో లేదో చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. దండ లేదు, శాలువా లేదు, కనీసం ఒక ఫొటో కూడా లేదు. నేను చీటీ చేతిలో పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాను.

మా సంఘం రోజుల్లో సేవ అంటే అలా ఉండేదా! రైసుమిల్లు వాళ్లు, మందుల షాపు వాళ్లు, రిటైరైన మాస్టర్లు, అంతా కలిపి ఇరవైమందిమి. గుండెజబ్బు వాళ్లను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం, రక్తం ఇవ్వడం, ఆపరేషనయి వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి మాత్రలు వేసుకుంటున్నారో లేదో చూడటం, అన్నీ మనస్ఫూర్తిగానే చేసేవాళ్లం. కాని ఏది ఇచ్చినా ముందు షామియానా, మైకు, ముఖ్య అతిథి ఉండితీరాలి. మైకు నాది. అతిథి వచ్చేదాకా జనాన్ని నవ్వించి కూర్చోబెట్టడం నాకు తప్ప మరొకరికి చేతకాదని పేరు.

ఒక ఏడు మేమూ ఆసుపత్రికి ఈసీజీ యంత్రం ఇచ్చాం. ఉన్నది ఎప్పుడో పాడయింది. కొత్తదానికి గులాబీరంగు రిబ్బను అడ్డంగా నిలువుగా చుట్టి, ఆసుపత్రి ముందు షామియానా కింద బల్ల మీద పెట్టారు. ఫొటో కోసం తొలి రోగి కావాలన్నారు. మా పెద్దక్క మొగుణ్ణి భావనపాడు నుంచి పిలిపించాను. వేటకెళ్లి సముద్రంలో తెడ్డు వేస్తే ఒడిశాలో అలలు లేచేంత మనిషి. అయినా నాలుగు రోజులుగా ఆయాసపడుతున్నాడని అక్క బెంగపెట్టుకుని, తనూ వెంట వచ్చింది.

పది గంటలకు రావలసిన ముఖ్య అతిథి విజయనగరంలో మరో సభలో చిక్కుకున్నాడు. పదకొండయింది. ముందు వరసలో బావ చెమటతో తడిసిపోయి, ఛాతీ మీద చెయ్యేసుకుని నన్ను పిలిచాడు.

"ఒరే బామ్మర్దీ, గుండెల మీద ఎవుడో కూకున్నట్టున్నాదిరా."

బావామరుదుల సరసం మా వైపు పుట్టుకతో వచ్చే హక్కు. నేను మైకు దించలేదు.

"మా బావ గుండెల మీద కూకున్నది మా అక్కేనండీ! ఓలక్కా, కాసింత పక్కకి జరగవే!"

షామియానా అంతా విరగబడి నవ్వింది. అందరికంటే ముందు అక్క నవ్వింది. బావా నవ్వాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు.

నర్సమ్మ పరుగున వచ్చి యంత్రం రిబ్బను విప్పబోయింది. మా అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, అడ్డం నిలబడ్డాడు. "తెంపేస్తే ఆయనొచ్చి ఏటి కత్తిరిస్తారమ్మా? పావుగంటలో వచ్చేస్తన్నారు, ఆగు."

అప్పుడు నేనేం చేశానంటారా? వేదిక మీంచి దూకి, పళ్లెంలో కత్తెర లాక్కుని, రిబ్బను పరపరా కత్తిరించాను. నర్సమ్మ తీగలు తగిలించింది, డాక్టరు కాగితం చూసి సూదిమందు వేశాడు, వెంటనే శ్రీకాకుళం, అక్కణ్ణుంచి విశాఖపట్నం. పన్నెండో రోజున బావ ఇంటికొచ్చి మంచం మీద పడుకుని నన్ను తిట్టాడు: "నా గుండెల మీద కూకున్నది మీ అక్క కాదురా సన్నాసీ, నువ్వూ నీ మైకూను."

బాగుంది కదూ? వేదిక మీంచి దూకిన దగ్గర్నుంచి ఆ తిట్టు దాకా నేను కల్పించినదే.

నేను వేదిక దిగలేదు. జనం నవ్వుతున్నారు గనుక మరో ముప్పావుగంట బావ మీదే హాస్యాలు సాగదీశాను. అతిథి వచ్చి కత్తిరించాడు. ఫొటో తీస్తుంటే బావను నిటారుగా నిలపడానికి ఇద్దరు వెనకనుంచి పట్టుకోవలసి వచ్చింది. యంత్రం చక్కగా పనిచేసింది. బావ శ్రీకాకుళం చేరలేదు.

ఇప్పటివాళ్లకు మా ఆర్భాటాలు తెలియవు, చడీచప్పుడు లేకుండా వచ్చి పని చేసుకుపోతున్నారు. ఆ సందడి పోయిందని ఒక్క క్షణం దిగులుపడి, మరుక్షణం సిగ్గుపడతాను. ఈ కత్తెర కథ నేను ఊరూరా చెప్పుకు తిరుగుతున్నానని అక్క చెవిన పడింది. తిట్టలేదు. భావనపాడు వెళ్లినప్పుడల్లా పీట వేసి, "ఆ కత సెప్పరా తమ్ముడా, మీ బావ బతికిన కత" అంటుంది. బావ ఇంటికొచ్చి నన్ను తిట్టేదాకా చెప్పించుకుని, అప్పుడు గాని అన్నం పెట్టదు. చెబుతున్నంతసేపూ నా మొహంలోకే చూస్తూ కూర్చుంటుంది. ఒకప్పుడు నేను నోరు తెరవకముందే నవ్వేది.