ఒక్క కాయిలే నల్లబడింది

మోటరు కాలిపోతే తప్పెవరిదో చెప్పడానికి మా వైండింగు పనిలో ఒక లెక్కుంది. విప్పి చూసినప్పుడు కాయిళ్లన్నీ, అంటే రాగి తీగ చుట్టలన్నీ, నల్లబడి ఉంటే వాడినవాడి తప్పు, మోయలేని బరువు మోయించాడన్నమాట. ఒక్కటే నల్లబడి మిగతావి ఎర్రగా ఉంటే చుట్టినవాడి తప్పు. కామారెడ్డిలో నా షాపుకొచ్చే రైతులకు ఈ లెక్క తెలియదు. తీర్పు చెప్పేదీ నేనే, ముద్దాయినీ నేనే.

తొంభైల మొదట్లో దుబాయి నుంచి సెలవుకొచ్చేవాళ్లు రిమోటు కార్లు తెచ్చేవారు. పేరుకు పిల్లలకని, ఆడేది మాత్రం మీసాలొచ్చినవాళ్లే. వడ్లు ఆరబోయని రోజుల్లో రైసుమిల్లు గచ్చు మీద పందేలు పెట్టుకునేవారు. ఎల్లారెడ్డి నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చేవారు. కారు దుబాయిలో ఉండే అన్నది. నడిపేది ఊళ్లో సేద్యం చేసుకునే తమ్ముడు. అన్న సెలవు ఇంకో పదిహేను రోజులుందనగా దాని మోటరు కాలింది.

"గ్యారంటీ కాగితం ఉన్నది గని, దుబాయిల్నే నడుస్తదట" అన్నాడు అన్న దిగులుగా.

"గా కాగితం పొయ్యిల పెట్టు. నేను చుడుత. ఏడాది గ్యారంటీ, నా మాటే కాగితం" అన్నాను. పంపుసెట్లు చుట్టే చేతికి అగ్గిపెట్టెంత మోటరు ఒక లెక్కా అని నా పొగరు.

వేగం పెరగాలని లావు తీగ కూరాను. ఆ ఇరుకులో తీగ మీది పూత ఒకచోట గీసుకుపోయింది. చూశాను. విప్పి మళ్లీ చుట్టాల్సింది. వార్నిష్ పూసి ఇచ్చేశాను.

పందెంలో మూడో చుట్టుకే కారు పొగలు కక్కింది. మర్నాడు అన్నదమ్ములిద్దరూ షాపుకొచ్చారు. విప్పితే ఒక్క కాయిలే నల్లబడింది, మిగతా రెండూ ఎర్రగా మెరుస్తున్నాయి. షాపులో అప్పటికే నాగిరెడ్డిపేట రైతులు నలుగురు తమ పంపు మోటర్లతో కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు పరువు పోతుందని భయమేసింది.

"బ్యాటరీలు ఎక్కువ పెట్టి ఉరికిచ్చిండ్రు. గిట్ల చేస్తే గ్యారంటీ నడవది" అనేశాను.

తమ్ముడు అన్న వైపు తిరిగాడు. "చెప్పినన్నే పెట్టిన అన్నా, నీ మీదొట్టు."

"మరి మేస్త్రి అబద్ధమాడుతడా?" అంటూ కారును బల్ల మీదే వదిలేసి అన్న బస్టాండు వైపు నడిచాడు. తమ్ముడు దూరదూరంగా వెనకే పోయాడు. ఒక్క కేక వేస్తే ఆగేవారు. వేయలేదు. మోటరు చూడగానే రోగం చెప్పానని రైతులు మెచ్చుకుంటుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

రేపు వెళ్లి చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే అన్న సెలవు దాటించేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు ఎల్లారెడ్డి బస్సెక్కాను.

తమ్ముడు పొలంలో ఉన్నాడు. తప్పు నాదేనని, మీ అన్నకు ఉత్తరం రాస్తానని నిలబడే చెప్పేశాను. నాలుగు తిడితే నా బరువు దిగుతుందని ఆశపడ్డాను. అతను చేతులు కడుక్కుని గట్టు మీద కూర్చున్నాడు.

"వద్దు మేస్త్రి. అన్న పోయేదాక నాతోని మాట్లాడలే. బొంబాయి పోతుంటె కామారెడ్డిల రైలెక్కిచ్చెతందుకు పోయిన. పోతె మల్ల మూడేండ్లకు గాని రాడు. గట్లనే పోతడేమో అని, నేనే ఎక్కువ పెట్టిన, తప్పయింది అన్నా అని ఒప్పుకున్న. అప్పుడు కిటికీల నుంచి నా చెయ్యి పట్టుకున్నడు. ఇప్పుడు నువ్వు రాస్తే, చెయ్యని తప్పు తమ్మితోని ఒప్పిచ్చిన్నని ఆడ ఒక్కడే కూసొని ఏడుస్తడు."

సరేనన్నాను. ఆ ఉత్తరం ఇప్పటికీ రాయలేదు.