సొరకాయ బుర్రల మీద కృష్ణలో తేలిన అనసూయ

మా ఆవిడ అనసూయ మోకాళ్లకు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆమెకు కత్తి భయం లేదు, మత్తు భయం. "నా ఒళ్లు నా చేతుల లేకుంటె ఎట్లండి?" అంటుంది. ఈ ఎండాకాలం ఒకరోజు నాంపల్లిలో మా ఇంటి మెట్లు దిగుతూ సగంలో కూలబడి, "ఒక్కసారి నన్ను నీళ్లల్ల తేలనియ్యున్రి. ఆపరేషన్ ముచ్చట తర్వాత" అంది. ఆమె నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. పుట్టిల్లు చాదర్‌ఘాట్. తాతల నాటి మూసీ వరదలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబం. ఏ నదికైనా పసుపు కుంకుమ వేసి దండం పెట్టాలే తప్ప చీలమండ దాటి దిగకూడదని వాళ్లింటి కట్టడి. ఇప్పటి మూసీలో దిగమని బతిమాలినా ఎవరూ దిగరు, అది వేరే సంగతి.

నా చదువంతా అబిడ్స్ ఫుట్‌పాత్ మీది ఆదివారం పుస్తకాలే. మనిషి నీళ్లలో ఎందుకు తేలతాడో వాటిలోనే చదివాను గనక బీచుపల్లి దగ్గర కృష్ణకు వెళ్లే ఈ యాత్రకు నేనే ఇంజనీరును. పంక్చర్ షాపులో పాత లారీ ట్యూబు కొన్నాను. అక్కడ గాలి దొరుకుతుందో లేదోనని ఇక్కడే నిండా కొట్టించాను కూడా. తెల్లవారి ఆరు గంటలకు ఇమ్లీబన్ బస్టాండులో గద్వాల ఎక్స్‌ప్రెస్ ఎక్కబోతే కండక్టరు అడ్డం నిలబడ్డాడు. "ఏంది పెద్దాయనా, బస్సుకు స్పేర్ టైరు ఉన్నది గద!" బస్సంతా నవ్వింది. గాలి తీయక తప్పలేదు. అనసూయకు ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు, నాకు మూడొందల లోపు. నాలుగు గంటల తర్వాత బీచుపల్లి వంతెన దగ్గర దిగాం. అక్కడి నుంచి రేవుకు ఆటోలో వెళ్లాం.

మా ఇంట్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, బిందెలన్నీ వరుసలో కూర్చుని దానికోసం చూస్తుంటాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చి ఇక్కడ నిలబడ్డాను. ఎండాకాలం కదా, నది సన్నబడిందనే అన్నారు. సన్నబడిన నదే ఇంత ఉంది! నల్లటి బండల మధ్య పచ్చగా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా, మోటారు లేకుండా, కాపలా లేకుండా తనంతట తాను పోతూనే ఉంది. లెక్కలు కట్టడమే మరిచిపోయాను. మా ఇంట్లో ఇది చెప్పుకోదగ్గ విశేషం.

రేవులో గాలి పంపు లేదు. గుండ్రటి బుట్టపడవ లాంటి పుట్టి నడిపే లక్ష్మమ్మ నా ట్యూబును కాలితో కదిపి, "గిదేంది సారూ, ఏనుగు పేగా?" అంది. తన పుట్టిలోంచి వలలో కట్టిన ఎండు సొరకాయ బుర్రలు తీసింది. "మా ఇండ్లల్ల అందరం గీటితోనే ఈత నేర్చినం. రా అక్కా."

అనసూయ పసుపు కుంకుమ వేసి, దండం పెట్టి, చీలమండల లోతులో ఆగిపోయింది. ధైర్యం చెబుదామని నేను నీటి బరువు, మనిషి బరువు లెక్క మొదలుపెట్టాను. లక్ష్మమ్మ వెనక్కి తిరిగింది. "సారూ, మీరు జర బండ మీద కూసోన్రి. మీరు మాట్లాడుతుంటె అక్క బరువైతున్నది."

కూర్చున్నాను. లక్ష్మమ్మ ఆ బుర్రలు అనసూయ నడుముకు కట్టి, వీపు కింద చెయ్యి పెట్టి, నెమ్మదిగా మడుగులోకి తీసుకుపోయింది. "కాళ్లు ఇడువు అక్కా. నేనున్న, ఇడువు." అనసూయ రెండు చేతులతో ఆమె మెడ పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి. తర్వాత అదీ లేదు. నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి ముఖంలో నొసటి ముడి వీడడం అప్పుడు చూశాను. చీర కుచ్చిళ్లు తామరాకులా పరుచుకున్నాయి. కళ్లు ఆకాశంలో ఉన్నాయి. నీళ్ల మీంచే నన్ను పిలిచింది. "ఏమండీ, నాకు మోకాళ్లే లేనట్టున్నదండి!"

నేనూ నడుము లోతు దిగాను, ఏమీ వివరించకుండా. అనసూయ మధ్యాహ్నం దాకా తేలింది. లక్ష్మమ్మ జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది, ఇద్దరికీ మూడొందలు. తినడానికి రమ్మని పిలిస్తే "ఇంకో జర సేపు" అని నీళ్లలోంచే జవాబు. చివరకు ఒడ్డెక్కగానే బరువంతా ఒక్కసారిగా మోకాళ్ల మీద పడింది. లక్ష్మమ్మ భుజం పట్టుకుని నిలబడి, "నీళ్లల్ల మర్చేపోయిన, నా కాళ్లు గిట్లున్నయని" అంది.

తిరుగు బస్సు జడ్చర్ల దాటాక అనసూయ నా వైపు తిరిగింది. "డాక్టరుకు ఫోన్ చెయ్యున్రి. మత్తంటె ఒళ్లు ఇంకోళ్ల చేతుల పెట్టుడే గద. ఇయ్యాల పెట్టలే?"

పుస్తకాల్లో నేను చదివింది తప్పు కాదు, మనిషి తేలతాడు. కానీ పట్టు వదిలాకనే తేలతాడని, ఆ వదలడానికి పక్కన ఒక చెయ్యి ఉండాలని ఏ పేజీలోనూ చూసినట్టు గుర్తులేదు. మీరూ వెళ్లండి. దిగేముందు మాత్రం, పైన జూరాల డ్యాం నుంచి నీళ్లు వదులుతున్నారేమో రేవులో వాళ్లను తప్పకుండా అడగండి. వదులుతున్నారంటే ఒడ్డున రొట్టె తిని, చూసి, దండం పెట్టి వచ్చేయండి.