ఇంటాయన దగ్గర మా అడ్వాన్సు

రెండువేల దశకం మధ్యలో మేము అనకాపల్లిలో ఒక బెల్లం వ్యాపారి ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళం. మా వారికి పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో దిగేటప్పుడు కొన్ని నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాం. కాగితం రాసుకుందామా అని మా వారు నసిగితే ఇంటాయన నొచ్చుకున్నాడు.

"మనలో మనకి కాగితాలేటండి? నా దగ్గరుంటే మీ బీరువాలో ఉన్నట్టే."

ఆ బీరువా తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుందని అప్పుడు తట్టలేదు.

కొన్నేళ్ళకి కంపెనీకి దగ్గరలో ఇల్లు దొరికింది. ఖాళీ చేస్తామని నెల ముందే చెప్పాం. ఇంటాయన సంతోషంగా తలూపాడు. అడ్వాన్సు మాట ఎత్తేసరికి ఆ సంతోషం కాస్త తగ్గింది.

"కొత్తోళ్ళు వత్తే ఆళ్ళిచ్చింది మీకిచ్చేత్తానమ్మా. ఊరంతా ఇదే పద్ధతి."

అంటే మా డబ్బు మాకు రావాలంటే ఆయన ఇంటికి మనిషిని మేమే వెతికిపెట్టాలి. ఇదే పని బ్రోకరు చేస్తే డబ్బిస్తారు. మమ్మల్ని సొంతవాళ్ళనుకున్నాడు కాబట్టి ఆ ప్రస్తావన తేలేదు.

వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించడం నా వంతు. ఇంటాయన వెనకే నిలబడేవాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నీళ్ళెలా ఉంటాయని అడిగితే, "తియ్యగుంటాయి" అన్నాడు. ఆయన వ్యాపారం అలాంటిది, నాలిక మీద తీపి ఎప్పుడూ ఉండేది. ఆ బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకక నేను వీధి కుళాయి నుంచి బిందెలు మోసేదాన్ని.

చివరికి ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకావిడకి ఇల్లు నచ్చింది. ఆదివారం చర్చి నుంచి భర్తతో నేరుగా వచ్చి, మా ముందే అడ్వాన్సు ఇచ్చింది. ఇంటాయన లెక్కపెట్టుకుని, కొన్ని నోట్లు జేబులో వేసుకుని, మిగతావి మా వారికి అందించాడు.

"తక్కువున్నాయండీ," అన్నారు మా వారు.

"సున్నాలకి ఉంచేను. గోడల్నిండా మేకులు కొట్టేసేరు కదా."

హాల్లో ఉన్న పెద్ద మేకు ఆయనే కొట్టాడు. ఏటా తన కొట్టు క్యాలెండరు తెచ్చి దానికే తగిలించేవాడు. ఆ మాటే అన్నాను.

"నావి లెక్కెట్టలేదమ్మా. మీవే లెక్కెట్టేను."

ముఖం చూసి మేకుల్ని గుర్తుపట్టే మనిషిని అదే మొదటిసారి చూడడం.

అప్పుడు నర్సు అడిగింది. "అయితే సున్నాలు ఎప్పుడేయిత్తారండి?"

"ఏ సున్నాలు?"

"ఈళ్ళ డబ్బులోంచి ఉంచుకున్నారు కదా, ఆ సున్నాలే. మేం దిగేలోపు ఏయించండి."

"సూద్దారిలెండి."

"ఏయించకపోతే ఆ డబ్బు ఈళ్ళకిచ్చేయండి. రెండూ కుదరవంటే మాది మాకిచ్చేయండి, ఇంకో ఇల్లు సూసుకుంటాం."

ఆవిడ గొంతు పెంచలేదు. ఇంజెక్షనుకి ముందు రోగిని సముదాయించేంత మెత్తగా అంది. ఇంటాయన గోడల వంక చూశాడు. సున్నాల ఖర్చే ఎక్కువని తేలినట్టుంది, జేబులోని నోట్లు తీసి మా వారి చేతిలో పెట్టాడు.

"పోన్లెండి, మీరు మంచోళ్ళు."

అన్నదానం చేసినంత తృప్తి ఆయన ముఖంలో.

నేను నర్సుని వంటింట్లోకి పిలిచి నీళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది. "ఇందాకే కింద బోరు పంపు కాడ తాగి సూసేనండి. అందుకే అద్దె తగ్గించమన్నాను, తగ్గించేడు."

అన్నేళ్ళలో ఆ అద్దె తగ్గుతుందన్న ఊహ కూడా మాకు రాలేదు.

వెళ్ళేముందు మా వారు ఇంటాయనకి రెండు చేతులెత్తి దండం పెట్టి, చాలా థాంక్సండీ అన్నారు. మెట్లు దిగాక, మన డబ్బు మనకిస్తే థాంక్స్ ఎందుకని అడిగాను.

"ఇవ్వకపోతే ఏం చేసేవాళ్ళం?" అన్నారు.